రెండొందల పన్నెండో బావ

తెనాలిలో ఉన్నన్నాళ్లూ మా బావ వీధి చివర కిళ్లీకొట్టుకు కూడా స్కూటరు మీదే వెళ్లేవాడు. పెళ్లిలో ఏడడుగులూ వేయగానే కుర్చీ ఎక్కడుందని వెతికాడని మా పిన్ని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. అలాంటి మనిషి లండన్ చేరి, నలభై నాలుగో ఏట, వారానికి డెబ్భై కిలోమీటర్లు పరిగెడుతున్నాడు. వెనక తరిమేవాళ్లెవరూ లేరు.

కిందటి జనవరిలో అక్కను చూద్దామని వెళ్లాను. ఎవరి బావైనా విమానాశ్రయంలో ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతాడు. మా బావ నా మణికట్టు వంక చూసి, "నీ రెస్టింగ్ హార్ట్ రేట్ ఎంతరా?" అన్నాడు.

"కొట్టుకుంటోందిలే బావా" అన్నాను.

"నాది 48" అన్నాడు. ఇల్లు చేరేలోపు ఆ సంగతి మరో రెండుసార్లు చెప్పాడు, ఒకసారి టాక్సీ డ్రైవరుకి.

ఈ జాతి మీకు కొత్తేం కాదు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో తెల్లారకముందే బుసలు కొడుతూ మనల్ని పక్కకు తప్పించేదీ వీళ్లే. ఆగస్టులో పరిగెత్తిన మారథాన్ టీషర్టుని ఉగాది దాకా ఒంటిమీంచి తీయనిదీ వీళ్లే. కాకపోతే మా బావది తారురోడ్డు మీద సరిపెట్టుకునే పిచ్చి కాదు. క్రాస్ కంట్రీ. చలికాలంలో, వానలో, గడ్డిలో, బురదలో, కొండెక్కుతూ దిగుతూ పరిగెట్టడం. మన ఊళ్లో గేదెలు ఇవన్నీ ఏ క్లబ్బుకీ చందా కట్టకుండానే చేస్తాయి.

నేను దిగింది సోమవారం. ఆ రోజు విశ్రాంతి అన్నాడు. సాయంత్రం చూస్తే చొక్కా పిండుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తాడట. దాని పేరు రికవరీ రన్ అట. మంగళవారం ట్రాక్ మీద వెయ్యి మీటర్ల పరుగు ఎనిమిది సార్లు, మధ్యలో తొంభై సెకన్ల ఊపిరి. ఇంటికొచ్చాక నోట మాట రాక సోఫాలో పడుంటాడు. "వారంలో ఇల్లు ప్రశాంతంగా ఉండేది ఈ ఒక్క రోజేరా" అంది అక్క, సీరియల్ శబ్దం పెంచుతూ.

బుధవారం రాత్రిది మాత్రం నేను కళ్లారా చూశాను. బావ గేటు దాకా వచ్చి, గడియారం చూసుకుని, లోపలికి రాకుండా ఇంటి ముందు రెండు దీపస్తంభాల మధ్య అటూ ఇటూ ఉరకడం మొదలెట్టాడు. తాళంచెవి పారేసుకున్నాడేమో, వెతుకుతున్నాడేమో అనుకున్నాను. అక్క కిటికీలోంచి ఓసారి తొంగిచూసి, "15.87 అయ్యుంటుంది. పదహారు కిలోమీటర్లు నిండందే రాడు. పప్పు చల్లారిపోతోంది" అంది. ఎదురింటి ముసలావిడ తెర తీసి చూసి, మళ్లీ వేసేసుకుంది. ఆవిడకీ అలవాటే కాబోలు. పదహారు నిండాక లోపలికొచ్చి, బూట్లైనా విప్పకుండా ఆ పరుగుని స్ట్రావా యాప్‌లో పెట్టి, దానికి 'ఊరికే, కాళ్లు సాగదీయడానికి' అని పేరు పెట్టాడు. అబద్ధాలాడటంలో వీళ్ల తర్వాతే పెళ్లిళ్ల పేరయ్యలు.

శుక్రవారం కార్బ్ లోడింగ్. అంటే గుట్టగా అన్నం తినడం. "మా అత్తగారింట్లో దీన్ని భోజనం అనేవాళ్లు" అంది అక్క. బావ వాళ్లమ్మ పెట్టి పంపిన ఆవకాయ జాడీని తెలుగు పేపర్లో చుట్టి, సముద్రాలు దాటించి తెచ్చాను. ముట్టలేదు. "రేపు కొండ సగం ఎక్కాక ఆవకాయ గుర్తొస్తే నా గతేంటి?" అన్నాడు. తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని, పెళ్లికూతురికి పారాణి పెడుతున్నంత శ్రద్ధగా బూట్ల అడుగున పదిహేను మిల్లీమీటర్ల మేకులు ఒక్కొక్కటే బిగించాడు. అక్క ఆ జాడీ చుట్టిన పేపర్ని విప్పి, నూనె మరకల మధ్య మన జిల్లా వార్తలు చదువుకుంటూ కూర్చుంది.

శనివారం నేను బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లాల్సినవాణ్ణి. మా ప్రాంతం నుంచి తెల్లదొరల కాలంలో ఓడెక్కిన అమరావతి శిల్పాలు అక్కడే ఉన్నాయి. పలకరించి వద్దామనుకున్నాను. బావ పోనివ్వలేదు. "రాళ్లెక్కడికి పోతాయిరా, రేసు ఇవాళే" అని పార్లమెంట్ హిల్‌కి లాక్కుపోయాడు. బస్సులో చరిత్ర పాఠం. ఇంగ్లండ్ మొట్టమొదటి జాతీయ క్రాస్ కంట్రీ పోటీ 1876లో ఎపింగ్ అడవిలో పెట్టారట. పరిగెత్తిన 32 మందీ దారి తప్పారు, పోటీ చెల్లదన్నారు. ఈ కథ బావకి ఎంతో ధైర్యం. తర్వాత మో ఫరా. 2006లో యూరప్ క్రాస్ కంట్రీ గెలిచాడు, 2012లో, 2016లో ఒలింపిక్స్‌లో ఐదు వేలూ పదివేలూ రెండూ కొట్టాడు. "అంతా బురదలోంచే. పంకజం అంటే అదేరా!"

కొండ కింద కొన్ని వందల మంది బారుగా నిలబడ్డారు. నా ఉద్యోగం కోటు పట్టుకోవడం. చేతులు ఖాళీగా ఉన్న మనిషి కనబడేసరికి క్లబ్బువాళ్లంతా తలో కోటూ నా మీద పడేశారు. తొమ్మిది కోట్లు మోశాను. తుపాకి పేలింది, మంద మొత్తం కొండ మీదికి లేచింది. లెక్క ఇలా ఉంటుంది: జట్టులో ముందొచ్చిన ఆరుగురి స్థానాలు కూడతారు, మొత్తం ఎవరికి తక్కువొస్తే వాళ్లది గెలుపు. బావ తన జట్టులో తొమ్మిదోవాడు. "అయితేనేం, అవతలి జట్టు ఆరోవాడి కన్నా నేను ముందుంటే వాడు ఒక స్థానం వెనక్కి పోతాడు" అంటాడు. వాళ్ల ఆరోవాడు అప్పటికి స్నానం చేసి టీ తాగుతూ ఉంటాడన్న సంగతి నేను ఎత్తలేదు.

చివరి చుట్టులో బావ కనిపించాడు. కనుబొమల దాకా బురద. ముందు ఊదారంగు బనీనులో, అరవై దాటిన బక్కపలచని ముసలాయన. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ ముసలాయన నాకేం అపకారం చేశాడని! కానీ తొమ్మిది కోట్లతో గంతులేస్తూ "బావా, పట్టు, ముసలాణ్ణి పట్టు!" అని అరిచాను. అంతటితో ఆగక, ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను, ఆయన కాలు జారాలని.

జారింది. బోర్లా పడ్డాడు. బావ ఆగి, చెయ్యిచ్చి లేపి, భుజం తట్టాడు. లేచిన ముసలాయన థాంక్యూ అంటూనే ఉరికి, నాలుగడుగుల ముందు గీత దాటేశాడు. ఆయన 211, బావ 212.

"ఎందుకు లేపావు బావా?" అన్నాను, ఒళ్లు మండిపోయి.

"పడిపోయాడు కదరా" అన్నాడు, అదేదో పెద్ద సమాధానమైనట్టు.

ఆ రాత్రి స్నానాల తొట్టి మాగాణి పొలంలా తయారైంది. అక్క చదవడం పూర్తికాని జిల్లా పేజీలు ఉండలు చుట్టుకుని తడి బూట్లలోకి పోయాయి. హీటరు పక్కన ఆరుతున్న ఆ బూట్లలోంచి ఇల్లంతా ఆవకాయ వాసన.

ఫిబ్రవరిలో తెనాలి వచ్చేశాను. ఒక శనివారం రాత్రి దోమతెరలో కూర్చుని బావ తర్వాతి రేసు ఫలితాల కోసం ఫోను గీకీ గీకీ, దొరక్క, ఉండబట్టలేక బావకే ఫోన్ చేశాను.

"నూట తొంభై ఏడురా" అన్నాడు.

"అది సరే, ముసలాయన ఎన్నోవాడు?"

కాసేపు మాట లేదు. "ఆయన రాలేదురా. మనవరాలి పెళ్లట" అన్నాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.