ఇంటూ, సున్నా

మా నాన్నకి కోళ్ల ఊసెత్తితే చాలు, ఆ పూట మందుబిళ్లలు పేచీ పెట్టకుండా మింగేస్తాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి. నూతి దగ్గర నాచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ వయసులో కోత వద్దన్నారు. నాలుగు నెలలుగా హాలు పక్క గదిలో మంచమే లోకం.

ఒకప్పుడు మా భీమవరం చుట్టుపక్కల ఆయన పుంజులకి పేరుండేది. కాకి, డేగ, నెమలి, సేతువ అంటూ ఈక రంగు దగ్గర మొదలెట్టి వాటి ముత్తాతల దాకా వెళ్లేవాడు. కోడిపందెం నేరమన్నది నేను బళ్లో చెప్పే పాఠం, ఇంట్లో ఆయన వినని పాఠం. ఆ అసీలు సంతతిలో మిగిలిన ఒక్క పెట్టనీ కార్తీకంలో కుక్కలు ఎత్తుకుపోయాయి. పొరుగూళ్లో ఎవరికో తను ఇచ్చిన పుంజు బిడ్డలున్నాయని గుర్తొచ్చి, మంచంలోంచే కబురు పెట్టాడు. ఊకలో సర్దిన బుట్ట వచ్చింది. ఇరవైయొక్క గుడ్లు.

“జాతి పోకూడదురా పెద్దోడా. ఎలాగోలా పిల్లలు చేయించు,” అన్నాడు.

ఊళ్లో ఒక్క పెట్టా పొదుగుకి రాలేదు. తెల్ల లెగ్‌హార్న్‌ల సంగతి వేరు, గుడ్లు పెట్టడమే గాని వాటి మీద కూర్చోవాలన్న బుద్ధే మనిషి వాటిలోంచి తీసేశాడు. నాటుపెట్టలైనా వాటికి తోచినప్పుడు కూర్చుంటాయి గాని మనకి కావాలంటే కూర్చోవు కదా. అలా ఆ బాధ్యత నా నెత్తిన పడింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి ఉష్ణం పాఠం చెప్పినవాణ్ణి, ఒక పెట్టెని ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలబెట్టలేనా?

చెప్పినంత తేలిక కాదు. రొయ్యలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టె ఒకటి సంపాదించాను. నలభై వాట్ల బల్బు, పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన బుల్లి ఫ్యాను, వేడి హద్దు దాటితే బల్బు ఆర్పేసే చిన్న థర్మోస్టాటు, తేమ కోసం గిన్నెడు నీళ్లు. గుడ్లు పెట్టకముందు రెండు రోజులు ఖాళీ పెట్టెకే కాపలా కాశాను. డిగ్రీ ఎక్కువైతే పిల్ల తొందరపడి బలహీనంగా పుడుతుంది. తగ్గితే రోజులు సాగదీసి పెంకులోనే నీరసించిపోతుంది. కరెంటు పోతే ఆదుకోవడానికి, నాన్న గదిలో ఫ్యానుకున్న ఇన్వర్టరు లైను పెట్టెకి మార్చాను. చలికాలమే కదా, ఆయనకి ఫ్యానెందుకు.

ఈజిప్టులో వేల ఏళ్ల కిందటే మట్టి ఇటుకల పొయ్యిల్లో గుడ్లు పొదిగించేవాళ్లు. థర్మామీటరు లేదు. గుడ్డుని కనురెప్పకి ఆనించి వేడి చూసుకునేవాళ్లు. అది చదివిన దగ్గర్నుంచీ నేనూ రోజూ ఒక గుడ్డు తీసి కన్ను మూసుకుని రెప్పకి తాకించుకునేవాణ్ణి. వెచ్చగా, బతికున్నట్టు ఉండేది.

అసలు సంగతి తిప్పడం. పెట్ట ముక్కుతో గుడ్లని ఎప్పటికప్పుడు దొర్లిస్తూనే ఉంటుంది. ఊరికే కాదు. ఒకే పక్కన పడుంటే లోపలి పిండం పెంకు పొరకి అంటుకుపోతుంది, ఇంక ఊడి రాదు. అందుకని ప్రతి గుడ్డుకీ పెన్సిలుతో ఒక పక్క ఇంటూ, రెండో పక్క సున్నా పెట్టాను. ఇంటూ పైకుంటే సున్నా పైకి, సున్నా పైకుంటే ఇంటూ పైకి. తిప్పడం బేసి సార్లు ఉండాలి. అప్పుడే నిన్న రాత్రి ఏ పక్క పడుందో ఈ రాత్రి ఆ పక్క పడుండదు. పొద్దున అయిదు, పది, మధ్యాహ్నం మూడు, రాత్రి ఎనిమిది, ఒంటిగంట. గోడకి పట్టిక అంటించి, తిప్పినప్పుడల్లా టిక్కు పెట్టేవాణ్ణి.

మా ఆవిడ అమ్మాయి పురిటికి హైదరాబాదు వెళ్లింది. వెళ్తూ నాన్న మందులూ, జావా, పక్కా అన్నీ రెండేసి సార్లు అప్పజెప్పింది. ఫోన్లో “ఎలా ఉన్నారు?” అనడిగితే, “అక్కడ నువ్వు, ఇక్కడ నేను, తలో పురుడూ పోస్తున్నాం,” అన్నాను. నవ్వింది.

రాత్రి ఒంటిగంటకి అలారం మోగేది. పక్క గదిలోంచి వెంటనే గొంతు వినపడేది.

“లేచావా?”

“లేచాను నాన్నా. గుడ్లు తిప్పాలి.”

“తిప్పు, తిప్పు.” కాస్సేపాగి, “ఓసారి ఇలా వచ్చి వెళ్తావా?”

“పొద్దున్నొస్తాలే, పడుకో. మూత తీసున్నాను, వేడి పోతుంది.”

ముసలితనంలో నిద్ర పట్టదు మరి.

ఏడో రోజు గది చీకటి చేసి, సెల్‌ఫోను లైటు మీద ఒక్కొక్క గుడ్డే పెట్టి చూశాను. ఎర్రటి సాలెపురుగు కాళ్లు చాచినట్టు రక్తనాళాలు, మధ్యలో ఆవగింజంత చుక్క కదులుతోంది. ఒళ్లు పులకరించింది. మూడు తేట గుడ్లు, ఒకదాంట్లో నెత్తుటి వలయం. ఆ నాలుగూ తీసేశాను. పనమ్మాయి గుమ్మంలో నిలబడి నాన్న గురించి ఏదో చెప్పింది. తలుపు తీస్తే వెలుగొస్తుందని కసిరి, పౌడరు రాయమన్నాను.

వీధిలోవాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. అందరికీ పట్టిక చూపించేవాణ్ణి. ఒక్క టిక్కు తప్పిపోలేదు. “మేష్టారిది తల్లి ప్రాణం,” అని ఒకావిడ అంది. కాదనలేదు.

పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం ఆపెయ్యాలి. పిల్ల వెడల్పు కొస వైపు, గాలి అర దగ్గరికి తలపెట్టి సర్దుకుంటుంది, అప్పుడు కదపకూడదు. ఇంకో గిన్నెడు నీళ్లు పెట్టి తేమ పెంచి, మూత బిగించేశాను. ఇరవయ్యో నాటి రాత్రి పెంకు లోపల్నించి కిచకిచలు. నేను ఆ పెట్టె పక్కనే చాప పరుచుకున్నాను.

ఇరవైయొకటో రోజు తెల్లారేసరికి మొదటిది పెంకుకి చిల్లు పెట్టింది. మనకి చెయ్యి దురద పెడుతుంది గాని వలిచి సాయం చెయ్యకూడదు. లోపలి నెత్తురూ సొనా ఇంకా ఒంట్లోకి ఇంకుతూ ఉంటాయి, తొందరపడితే చచ్చిపోతుంది. దాని మానాన దాన్ని గుండ్రంగా కొట్టుకుంటూ రానివ్వాలి. మధ్యాహ్నానికి పన్నెండు దిగాయి. తడిసిన ముద్దలన్నీ ఆరి పత్తి ఉండలయ్యాయి. ఇంకో రెండు పెంకు కొడుతున్నాయి.

ఆ సమయానికే మా వీధి చివరి నర్సమ్మ వచ్చింది. నెలకోసారి నాన్నకి మూత్రం గొట్టం మార్చి వెళ్తుంది. పెట్టె మీంచి కన్ను తియ్యకుండానే గది వైపు చెయ్యి చూపించాను. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, చేతికి తొడుక్కున్న గ్లవ్సుతోనే గుమ్మంలో నిలబడింది.

“ఎన్ని గంటలకోసారి తిప్పుతున్నారు మేష్టారూ?”

ఈ మాట అడిగినవాళ్లంటే నాకు ప్రాణం. “రోజుకి అయిదుసార్లండీ. రాత్రి ఒంటిగంటకి అలారం పెట్టుకుని మరీ. ఒక్కపూట తప్పితే ఒట్టు. అదిగో పట్టిక, చూడండి. కాకపోతే పద్దెనిమిదో రోజు నుంచి ఆపేశాను.”

“ఆపేశారా?”

“ఆపెయ్యాలి కదండీ. ఇంక కదిపితే ప్రమాదం.”

ఆవిడ నా వైపు చూసింది. పెట్టె వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది.

“నేనడిగేది పెద్దాయన్ని గురించండీ. నడుం కింద అరచెయ్యంత పుండు పడింది. దుప్పటి అంటుకుపోయింది, ఊడి రావట్లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చమని అమ్మగారికీ మీకూ ఆ రోజే చెప్పానుగా.”

గదిలోకి వెళ్లాను. నర్సమ్మ ఆయన్ని గోడ వైపు తిప్పి, వీపుకి తలగడ ఎగదోసి ఉంచింది. ఆ వాసన ఇన్నాళ్లూ పెట్టెలో మురిగిన గుడ్డుదేమో అనుకున్నాను.

“ఎన్ని దిగాయిరా?” గోడకేసి చూస్తూనే అడిగాడు.

“పన్నెండు నాన్నా.”

“నెమలి రంగువి ఉన్నాయా?”

“ఇప్పుడే తెలీదు.”

“ఊఁ. మాటలు కాదు, బాగా చేశావు.” కాస్సేపు ఊపిరి తీసుకున్నాడు. “ఆ పెన్సిలుందా?”

“ఉంది. ఎందుకు?”

“నాక్కూడా ఓ పక్క ఇంటూ, ఓ పక్క సున్నా పెట్టెయ్యరా పెద్దోడా. నీకు గుర్తుంటుంది.”