లేచిపోవు దినచర్యా పద్యము: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

ఇల్లు దాటి పెళ్లాడబోయే ఒక కన్య, ఆ రోజు ఏ వేళకు ఎక్కడుండాలో, ఎక్కడ ఫొటో దిగాలో నిర్దేశిస్తూ చెప్పిన ఆటవెలది ఇది. కవయిత్రి పేరు తెలియదు. తెలిసిన నాడు పద్యప్రయోజనమే చెడుతుంది. మాతృక "బీఈడీ నోట్సు" అనే వాట్సాప్ గ్రూపులో లభ్యమైంది. సభ్యులు ముగ్గురే గనుక పాఠాంతరాలు లేవు.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: ఒక పగటి కార్యక్రమం. ప్రయోజనం: సాయంత్రానికి దంపతులు కావడం. సంబంధం: ఇంట్లో ఒప్పుకోనిది. అధికారి: 18 ఏళ్లు నిండిన స్త్రీ, 21 నిండిన పురుషుడు. ఇందులో ఒక్కరోజు తక్కువైనా ఈ పద్యం చదవరాదు. అమ్మాయి మైనరయితే అది కల్యాణం కాదు, క్రిమినల్ కేసు.

ఇట్టి దినచర్యలకు ఆద్యురాలు రుక్మిణి. పోతన భాగవతం దశమస్కంధంలో ఆమె అగ్నిద్యోతనుడి చేత కృష్ణుడికి పంపిన సందేశంలో పెళ్లి ఎప్పుడో, ఊరి వెలుపలి గౌరీదేవి గుడికి తానెప్పుడు వస్తుందో, ఎక్కడి నుంచి తీసుకుపోవాలో అన్నీ ఉన్నాయి. ప్రేమలేఖ అని లోకం మురిసేదానిలో సగం టైంటేబులే. ఫొటోల ఊసు మాత్రం లేదు. రథమెక్కుతుంటే కళ్లప్పగించి చూసిన రాజలోకమంతా సాక్షులే అయినప్పుడు ఫొటో ఎందుకు? మన కవయిత్రికి అంత జనం లేరు. ఆ లోటు పూడ్చడానికే కెమెరా వచ్చిందని గ్రహించినవారికి ఈ పద్యం సుబోధం.

మూలం

నంది చెంత తొలుత నవ్వుచు నొక ఫొటో
గుడిని దండ మార్చి కూడి నడిచి
సాక్షులిడిన మూడు సంతకాల పిదప
ఇంటి కొక్క ఫోను, ఇంక బస్సు

టీక

నంది చెంతన్ = లేపాక్షి బసవన్న దగ్గర; తొలుతన్ = ఎండ ముదరకముందే; నవ్వుచున్ = బలవంతమేమీ లేదని తెలిసేటట్టు; ఒక ఫొటో = ఒకే ఒక్క ఫొటో (ఆల్బం కాదని భావం); గుడిని = గుడియందు; దండ మార్చి = పూలదండలు మార్చుకొని; కూడి నడిచి = కలిసి ఏడడుగులు వేసి; సాక్షులు ఇడిన = సాక్షులు పెట్టిన; మూడు సంతకాల పిదపన్ = ముగ్గురి చేవ్రాళ్లు పడిన తరువాతనే; ఇంటికిన్ = తల్లిగారింటికి; ఒక్క ఫోను = ఒకే ఒక్క కాల్; ఇంకన్ = ఆ మీదట; బస్సు = బస్సు. ఎక్కవలెనని క్రియ అధ్యాహారం.

తాత్పర్యం

పొద్దున్నే నంది దగ్గర నవ్వుతూ ఒక ఫొటో దిగాలి. గుడిలో దండలు మార్చుకుని ఏడడుగులు నడవాలి. ముగ్గురు సాక్షులు సంతకాలు చేశాక ఇంటికి ఫోను చేసి చెప్పాలి. ఆ తరువాతే బస్సెక్కాలి.

విశేషాలు

1. నంది చెంత. ఈ నంది ఏకశిల. పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. ఇంత పెద్దది కావడంతో వ్యాఖ్యాతలలో మతభేదం పుట్టింది. నంది మూపురం నుంచి తోక దాకా ఫ్రేములో పట్టాలని ఫొటోగ్రాఫర్ మతం. అంత వెనక్కి జరిగి తీస్తే వధూవరులు బసవన్న మెడలో గంటల్లా కనబడతారనీ, సబ్‌రిజిస్ట్రార్ కళ్లజోడు తుడుచుకుని చూసినా వీళ్లెవరో పోల్చుకోలేడనీ వకీలు మతం. ముఖాలు తెలిసేదే పెళ్లి ఫొటో, తక్కినది నంది ఫొటో అని సిద్ధాంతం.

"తొలుత" అనడంలో ఔచిత్యముంది. పొద్దు పొడిచిన తొలి గంట వెలుగు ఏటవాలుగా పడి రాతిమీది చెక్కడం, ముఖంమీది నవ్వు రెండూ తేటగా తేలతాయి. తొమ్మిది దాటిన ఈ సీమ ఎండలో కళ్లకింద నల్లని నీడలు పడి, ఇష్టపడి వచ్చిన పిల్ల ఏడ్చుకుంటూ వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఫొటో సాయంత్రానికి ఏ స్టేషన్ బల్లమీదికి చేరుతుందో ఎవరికెరుక? పైగా ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. చేతి కెమెరాకు ఇబ్బంది లేదు గాని ట్రైపాడ్లు, లైట్లు దించాలంటే ముందే అనుమతి అడగాలి. అడిగితే దరఖాస్తులో పేర్లు రాయాలి. అందుకే కవయిత్రి లైట్ల ఊసెత్తలేదు.

శంక: వాన వస్తే ఏమి చేయాలో చెప్పలేదే?

సమాధానం: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర పడే సీమ ఇది. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే దిగిపోతాయి, ఈశాన్య మబ్బులు కోస్తా దాటేసరికి ఉట్టివవుతాయి. ఇక్కడ వాన విఘ్నం కాదు. నిజానికి వేరుశెనగ విత్తుకు పదునైన రోజే ఇంటి నుంచి కదలడానికి ఉత్తమ ముహూర్తం. ఊరు ఊరంతా చేలో ఉంటుంది. వెతకడానికి బయల్దేరిన మేనమామ సైతం గొర్రు అద్దెకు దొరుకుతుందేమోనని దారి మళ్లుతాడు. ఈ రహస్యం పంచాంగాల్లో లేదు.

2. గుడిని. ఏ గుడి? లేపాక్షి వీరభద్రాలయమని కొందరు. అక్కడ కల్యాణ మండపం ఉన్నమాట నిజమే, కాని అది పూర్తి కాలేదు. అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ రాజధనం వెచ్చించి ఈ ఆలయం కట్టించాడనీ, నింద రాగా తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ స్థలపురాణం. శివపార్వతుల పెళ్లికని మొదలుపెట్టిన మండపం పైకప్పు లేకుండా, చెక్కిన స్తంభాలతో నేటికీ ఆకాశం కింద నిలబడి ఉంది. పెళ్లి మండపం ఖర్చును కళ్లతో తీర్చవలసి వచ్చిన కథ వింటూ పెరిగిన పిల్ల, మండపమే లేని పెళ్లి కోరుకోవడంలో వింత లేదు. అప్పుచేసి పెట్టిన పంట ఎండితే ఆడపిల్ల పెళ్లి మరో ఏడాదికి జరిగే ఇళ్లలో ఆ కోరికకు లెక్క కూడా తోడవుతుంది. కాబట్టి గుడి అంటే పూజారి, అగ్నిహోత్రం, ఆధార్ కార్డు చూసే గుమాస్తా ఉన్న ఏ చిన్న గుడైనా సరే.

దండ మార్చి. ఇంతటితో పెళ్లయిందనుకునేవారు సినిమాలు చూసినవారు. తమిళనాడు 1967 నాటి సవరణతో హిందూ వివాహ చట్టంలో 7ఎ సెక్షన్ చేర్చుకుంది. అక్కడ బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా చెల్లుతుంది. మనకు ఆ సెక్షన్ లేదు. 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఒకరి ఇంటి ఆచారమైనా జరిగితీరాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడినప్పుడే పెళ్లి పూర్తవుతుంది. అందుకే "కూడి నడిచి" అని కవయిత్రి విడిగా చెప్పింది.

శంక: మరి తాళి ఏది?

సమాధానం: "కూడి" అన్నప్పుడే అది వచ్చింది. పద్యంలో కనబడకపోయినా ఫొటోలో కనబడాలి. ముడి వేస్తున్న వేళ వరుడి వీపు తప్ప మరేమీ పడని ఫొటోలు లోకంలో కోకొల్లలు. ఫొటోగ్రాఫర్ వధువు ఎడమ పక్కకు జరిగి, చేతులూ సూత్రమూ రెండు ముఖాలూ ఒకే ఫ్రేములో పట్టాలి. ఏడడుగులకు ఏడు ఫొటోలు అక్కర్లేదు, అగ్నిహోత్రం కనబడేటట్టు ఒక వీడియో చాలు.

3. సాక్షులు. ఇది పద్యానికి ఆయువుపట్టు. గుడి తంతు అయ్యాక చట్టం 8వ సెక్షన్ కింద నమోదుకు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టంతో పెళ్లి నమోదు తప్పనిసరి అయింది. వయసు రుజువు, చిరునామా రుజువు, పెళ్లి ఫొటో, ముగ్గురు సాక్షులు. శుభలేఖ కూడా జతచేయమంటారు. లేచిపోయే పెళ్లికి శుభలేఖ అచ్చువేయించిన కవి ఇంతవరకు పుట్టలేదు. అందుకని ఫొటోమీద భారం రెట్టింపవుతుంది.

పొద్దున్నే కాగితం పుచ్చుకుని తంతు తరువాత చూసుకుందామనేవారికి 2024లో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. ఆచారం జరగని చోట హిందూ వివాహ చట్టం కింద వచ్చిన సర్టిఫికెట్టు ఒక్కటే పెళ్లి కాజాలదు. కనుక గుడి ముందు, ఆఫీసు వెనక అనే పద్యక్రమం ఛందస్సు కోసం పెట్టినది కాదు.

శంక: కులాలు వేరైతే?

సమాధానం: ఇద్దరూ హిందువులైతే ఇదే చట్టం, ఇదే పద్యం. మతాలు వేరై, మారడం ఇష్టం లేకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అప్పుడీ పద్యం ఒక్కరోజులో ముగియదు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. శాశ్వత నివాసం మరో జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసులోనూ అంటిస్తారు. ఆక్షేపణలకు 30 రోజులు ఆగాలి. మూడు నెలల్లో పెళ్లి కాకపోతే నోటీసు మళ్లీ మొదటికొస్తుంది. ప్రేమ పరుగెత్తమంటే చట్టం ఆగమనడం మనకే కొత్త కాదు. ఇంగ్లండులో 1754 నుంచి పెళ్లి చట్టం బిగిస్తే జంటలు సరిహద్దు దాటి స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కు ఉరికేవి. 1856లో ఇంకో చట్టం వచ్చి, ఒకరైనా ముందు అక్కడ 21 రోజులు ఉండాలంది.

ఇక సాక్షుల ఎంపిక. ఒకడు స్నేహితుడు, ఒకతె గ్రూపు సభ్యురాలు. మూడోవాడు దొరకక ఎన్నో పద్యాలు మూడో పాదంలో ఆగిపోయాయి. ఫొటోగ్రాఫరే మూడో సాక్షి కావచ్చునా? నిషేధం లేదు. అయితే అతడు సంతకం పెట్టే క్షణాన కెమెరా ఎవరో ఒకరికి అప్పగించాలి. ఆ ఒక్క ఫొటో వంకరగా వచ్చినా క్షంతవ్యం.

4. ఇంటి కొక్క ఫోను. ఫోను ముందు, బస్సు వెనక. దీన్ని తిరగేసినవారు చెడ్డారు. బస్సు రాష్ట్ర సరిహద్దు దాటకముందే ఇంటివాళ్లు మిస్సింగ్ కేసు పెడతారు. ఆ తరువాత ఫొటోలు తీసేది స్టేషన్‌లో. మెడలో వాడిన దండలతో, పక్కన పోలీసులతో జిల్లా పేజీలో "ప్రేమజంట" అని పడే ఆ ఫొటోయే ఈ సీమలో ప్రేమవివాహాలకు చిరకాలంగా దక్కిన కవరేజి. దాన్ని చిన్నబుచ్చకూడదు. ఇద్దరూ మేజర్లయితే పెద్దల ఒప్పుదల అక్కర్లేదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇట్టి జంటలకు రక్షణ కల్పించే ఏర్పాట్లు జిల్లాలవారీగా ఉండాలనీ ఆదేశించింది. భయమున్న జంట ఎస్పీ ఆఫీసుకు పోయి సర్టిఫికెట్టు, ఫొటోలు ఇచ్చి అర్జీ పెట్టుకోవచ్చు. అది పారిపోవడం కాదు, పద్ధతి.

ఫోనులో ఏమి చెప్పాలో పద్యంలో లేదు. సంప్రదాయం ఇది: "అమ్మా, నేను బాగుండా." అటునుంచి: "యాడుండావే?" ఈ ప్రశ్నకు జవాబుగా ఊరి పేరు చెప్పరాదు. ఫొటో పంపాలి.

"ఫోను, ఇంక" అన్నచోట ఉత్వసంధి నిత్యమని వైయాకరణులు ఆక్షేపిస్తారు. ఇంటికీ ఆమెకూ సంధి ఇంకా కుదరలేదు గనుక ఇక్కడ విసంధి దోషం కాదు.

ఇంక బస్సు. టికెట్టు డబ్బుల ప్రస్తావన లేకపోవడం వల్ల ఈ రచన 2025 ఆగస్టు 15కు తరువాతిదని కాలనిర్ణయం. ఆనాడు స్త్రీశక్తి పథకం మొదలై, రాష్ట్రంలోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి సున్నా టికెట్టు వచ్చింది. హిందూపురం దాకా కవయిత్రికి ఉచితం. అక్కడ బెంగళూరు బస్సెక్కితే పూర్తి చార్జీ. వరుడికి మాత్రం మొదటినుంచీ పూర్తి చార్జీయే.

రసం: శృంగారం అంగం, భయానకం అంగి. అలంకారం: స్వభావోక్తి.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నిత్యం పఠించే జంటకు ఫొటోలు మూడు చోట్ల భద్రమవుతాయి: ఫోనులో ఒకటి, మూడో సాక్షి దగ్గర ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. వెయ్యిమంది తిన్న పెళ్లికి ఆ వెయ్యిమందీ సాక్ష్యం. ఐదుగురు నిలబడ్డ పెళ్లికి ముఖాలు తెలిసే ఫొటో ఒక్కటైనా ఉండితీరాలి. అందం ఆ తరువాతి సంగతి.

ఇది శ్రీమత్ పెన్నాతీర వాస్తవ్య, విత్తన సబ్సిడీ క్యూ విద్యావిశారద, మేనమామ వర్గ బహిష్కృత, మూడో సాక్షి సంతకధురంధర ప్రణీతంబైన లేచిపోవు దినచర్యా పద్యమునకు టీకా తాత్పర్యము సమాప్తము.