మెయిన్ ఐడీ

2016 దసరా నాడు వరంగల్ జిల్లా ఒక్కసారిగా ఐదు ఐడీలు తెరిచింది. అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. చివరిదాని పేరు ఏ ఫారంలోనూ గళ్లలో పట్టదు. జనగామ పేరైతే ఆగస్టులో వచ్చిన జిల్లాల ముసాయిదాలో లేనే లేదు. ఊరు ఊరంతా రోడ్డెక్కితే గానీ దానికి లాగిన్ రాలేదు. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి కడుపులోంచి ములుగు ఇంకో ఐడీగా బయటికొచ్చింది. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరలేమో వరంగల్ అయి కూర్చుంది. వీటన్నిటికీ కలిపి పరిపాలనా సౌలభ్యం అని పేరు. ఇదే పని లైబ్రరీలో కూర్చుని ఓ పిల్లగాడు ఆన్‌లైన్ ఆటలో చేస్తే మాత్రం మోసం అంటారు, ఐడీ లేపేస్తారు.

ఆ పిల్లగాడు ఏ ఊరివాడని అడక్కండి. జనగామలో ఒకడున్నాడు, మహబూబాబాద్ అనే మానుకోటలో ఒకడున్నాడు, భూపాలపల్లిలో ఇద్దరున్నా ఆశ్చర్యం లేదు. ప్రభుత్వ కంప్యూటర్ ఎక్కడుంటే వాడక్కడ ఉంటాడు. ఒక కుర్చీలో తను, పక్క కుర్చీలో బ్యాగు, ఆ పక్క కుర్చీలో గ్రూప్-2 మెటీరియల్. మూడు తెరల మీద మూడు ఊళ్లు కడుతుంటాడు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?" అని లైబ్రేరియన్ అడిగితే, తల ఎత్తకుండానే "గ్రామీణాభివృద్ధి సార్" అంటాడు. సిలబస్‌లో ఉన్నదే కదా అని ఆయన సంతోషంగా పేపరు చదువుకోవడానికి పోతాడు.

ఆ కంప్యూటర్ల కట్టుబాట్లు చూస్తే అత్తగారి పెత్తనం గుర్తొస్తుంది. పెన్‌డ్రైవ్ పెడితే పలకవు. ఏది ఎక్కించబోయినా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతాయి. అది తెలిసినాయన బదిలీ మీద వెళ్లి ఏళ్లయింది. డీప్ ఫ్రీజ్ అని ఒకటి వేసి ఉంటుంది గనక, ఆపి మళ్లీ వేస్తే నిన్నటి సంగతి ఒక్కటీ గుర్తుండదు, ఎన్నికలైపోయిన మర్నాటి మేనిఫెస్టోలాగా. ఇన్ని అడ్డుకట్టల మధ్య ఇబ్బంది లేకుండా తెరుచుకునేవి రెండు. ఒకటి ఉద్యోగాల వెబ్‌సైటు, రెండోది బ్రౌజర్‌లో ఆడే ఆట. కొత్త కబురు గంటగంటకీ వచ్చేది రెండోదాంట్లోనే.

ఆ ఆట ట్రావియన్ లాంటిది. ట్రావియన్ 2004లో జర్మనీలో పుట్టింది. కట్టెలు, మట్టి, ఇనుము, ధాన్యం కూడబెట్టి ఊరు కట్టాలి, పక్కూరి వాడు దోచుకుపోకుండా కాపాడుకోవాలి. ఒక మనిషికి ఒక లోకంలో ఒక్కటే ఖాతా అన్నది అక్కడి చట్టం. చిన్న ఖాతాలో పండించి పెద్ద ఖాతాకు ఊరికే తోలడం కూడా నేరమే. అలా తోలడానికే పెట్టుకున్నవాటిని మనవాళ్లు ఫీడర్ ఐడీలంటారు. తిని కూర్చునేది మెయిన్ ఐడీ.

ఇక దొంగను పట్టే పద్ధతి చూడండి. లైబ్రరీలో ఎన్ని కంప్యూటర్లున్నా బయటి ప్రపంచానికి కనిపించేది ఒక్కటే ఇంటర్నెట్ చిరునామా. కాబట్టి నిజంగానే ఇద్దరు దోస్తులు పక్కపక్కన కూర్చుని ఎవరి ఊరు వాళ్లు కట్టుకుంటే, ఇద్దరూ ఒక్కడేనని అనుమానపడి ఇద్దరి ఐడీలూ లేపేయొచ్చు. ఒక్కడే పొద్దున లైబ్రరీలో, మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో, సాయంత్రం రైల్వే స్టేషన్ వైఫైలో కూర్చుంటే ముగ్గురు పెద్దమనుషులుగా చెలామణి అవుతాడు. రేషన్ డీలర్ దగ్గర వేలిముద్ర పడక వెనక్కొచ్చిన ముసలమ్మకు ఈ న్యాయం చెప్పక్కర్లేదు.

నెట్ సెంటర్‌కు 2011 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు రాసి ఏడాది దాచాలి, క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఇప్పుడక్కడ క్యాబిన్లే లేవు. జిరాక్స్, లామినేషన్, ధరణి పోయి భూభారతి వచ్చాక దాని దరఖాస్తులు. స్టేషన్‌లో రైల్‌టెల్ వైఫై ఒక్కో ఫోన్ నంబరుకు రోజుకో అరగంట ఉచితం. జనగామ, మానుకోట పిల్లలకు ఆ భాగ్యం ఉంది. భూపాలపల్లికి రైలే లేదు గనక అక్కడి పిల్లలు న్యాయంగా ఆడుతున్నారు.

నంబర్ల కరువు మాత్రం ఎవరికీ లేదు. ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ముల దాకా సర్కారే ఒప్పుకుంటుంది. బీజీఎంఐ అనే ఫోన్ ఆట వాళ్లు 2021లో వచ్చినప్పుడు ఒక్క ఫోన్ నంబరు మీద పది ఖాతాల దాకా నమోదు చేసుకోనిచ్చారు. తొమ్మిది పదులు తొంభై. చిన్న గూడెంలో ఇంతమంది ఓటర్లుండరు. అసలు ఆ ఆటే రెండో ఐడీ! 2020 సెప్టెంబరులో పబ్జీని దేశం నుంచి వెళ్లగొడితే, 2021 జులైలో పేరు మార్చుకుని, పేరులోనే ఇండియా అని పెట్టుకుని దిగింది. 2022లో దాన్నీ తీసేశారు, 2023లో షరతులు పెట్టి మళ్లీ రానిచ్చారు. పెద్దవాళ్లు రోజుకు ఆరు గంటలే ఆడాలి అన్నది ఆ షరతుల్లో ఒకటి. ఆరు గంటలయ్యాక రెండో ఐడీ ఎందుకు పుడుతుందో నేను చెప్పాలా? ఫ్రీ ఫైర్ తమాషా వేరు. 2022 ఫిబ్రవరిలో దాన్ని నిషేధించిననాడు తమ్ముడు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ప్లే స్టోర్‌లో నిక్షేపంగా ఉన్నాడు.

పిల్లల్ని అంటాం గానీ, కంప్యూటర్‌కు తాళం వెయ్యడం పెద్దలకు మాత్రం వచ్చా? లైబ్రరీలో మెటీరియల్ అడ్డం పెట్టుకున్న పిల్లలు ఏ పరీక్షల కోసం చదువుతున్నామంటున్నారో, ఆ పరీక్షల కమిషన్‌లోనే కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోకి ఎవరిదో ఐడీ, పాస్‌వర్డ్‌తో దూరి ప్రశ్నపత్రాలు తీసుకుపోయారని 2023 మార్చిలో పోలీసులు చెప్పారు. అంతకుముందు అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. పిల్లలు ఫీజు కట్టి ఆడిన ఆట అది. సర్వరు డౌనైతే ఆటవాళ్లు నష్టపరిహారంగా నాలుగు డైమండ్లైనా ఇస్తారు.

ఫీడర్ ఐడీల చట్టం దగ్గరికే మళ్లీ వస్తాను, అది నన్ను వదలడం లేదు. భూపాలపల్లిలో కాకతీయ ఖనిలోకి దిగి బొగ్గు తవ్వుతారు. చెల్పూరులో 500 మెగావాట్లదొకటి, 600 మెగావాట్లదొకటి, రెండు యూనిట్లు ఆ బొగ్గును కరెంటు చేస్తాయి. ఆ కరెంటు తీగలెక్కి ఎటు పోతుందో, బూడిద ఎవరి పెరట్లో పడుతుందో అక్కడివాళ్లకు తెలుసు. మానుకోట మిర్చి పండిస్తుంది, దాని ధర వరంగల్‌లోనో ఖమ్మంలోనో పలుకుతుంది. జనగామ పొద్దున్నే మనుషుల్నే రైలెక్కిస్తుంది. ఆట చట్టం ప్రకారం ఇది సరుకు తోలడం. శిక్ష మెయిన్ ఐడీకీ పడాలి. హైదరాబాద్‌ను ఎవరు లేపేస్తారు?

మొన్న లైబ్రేరియన్‌కు అనుమానమొచ్చి వెనక నిలబడ్డాడు. మూడు ఊళ్ల నుంచీ ధాన్యం బండ్లు ఒకేవైపు కదులుతున్నాయి.

"గీ మూడూ నీవేనా బిడ్డా?"

"ఫీడర్లు సార్. మెయిన్ ఐడీ మా అన్నది. ఉప్పల్‌ల రూమ్‌ల ఉంటడు."

"మరి ఇంత తోలుతున్నవ్, ఆయన నీకేమిస్తడు?"

"రీఛార్జ్ చేస్త అన్నడు సార్. రైతు భరోసా లెక్కనే. పడ్డనాడు పడ్డట్టు."