దొంగను దొంగగానే నిలబెట్టే ఆరు చిట్కాలు

జైలు ఎందుకయ్యా అంటే మనిషిని బాగుచేసి పంపడానికి అంటారు చదువుకున్నవాళ్లు. జస్టిస్ ముల్లా కమిటీ 1983లోనే ఆ ముక్క చెప్పి, లావుపాటి నివేదిక ఇచ్చి వెళ్లింది. కానీ నిజంగా బాగుపడిపోతే ఎలాగండీ? సీసీ కెమెరాలు అమ్మేవాడికి, తాళాల కంపెనీకి, రాత్రి తొమ్మిదింటి టీవీ చర్చకి, అందరికీ దెబ్బే. కనుక ఒకసారి లోపలికెళ్లినవాడు మళ్లీమళ్లీ వెళ్లేలా చూడటం విజయవాడ పటమట పౌరులుగా మన బాధ్యత. పైసా ఖర్చు లేదు.

1. నేరం తేలకముందే శిక్ష మొదలెట్టండి

2022 చివర్లో దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు. ఇంత కష్టపడి సాధించిన లెక్కను చెడగొట్టకండి. సెల్‌ఫోను కొట్టేశాడని దొరికిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి పాతకాపుల పక్కన పడుకోబెట్టండి. ఏ పాలిటెక్నిక్‌లోనూ లేని కోర్సు, భోజనం వసతితో సహా, ఫీజు లేకుండా పూర్తిచేసి వస్తాడు.

2. జామీను దగ్గర పట్టు వదలకండి

కోర్టు బెయిలిచ్చిందని కంగారు పడొద్దు. ఇద్దరు జామీనుదారులు రావాలి, వాళ్ల చేతిలో ఇంటిపన్ను రశీదు ఉండాలి. రాణిగారితోటలో ఒంటిగది అద్దెకుండి పాచిపనికి వెళ్లే తల్లి ఆ రశీదు ఎక్కణ్ణుంచి తెస్తుంది? బెయిలొచ్చి వారమైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. యావజ్జీవం, ఉరి పడే నేరాలు కాకపోతే, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు రిమాండులోనే గడిపేశాక బెయిలివ్వాలని 2024 జులైలో అమలుకొచ్చిన కొత్త చట్టం, 479వ సెక్షన్‌లో అంటోంది. ఈ రెండు ముక్కలూ ఆ తల్లి చెవిన పడకుండా చూసుకోండి.

3. ఇల్లు అద్దెకివ్వకండి

జైలు నుంచి విడుదలైనవాడు టు-లెట్ బోర్డు చూసి భార్యాబిడ్డలతో వస్తాడు. మర్యాదగానే మొదలెట్టండి.

“ఇదివరకు ఎక్కడుండేవారు?”

“రాజమండ్రిలోనండి.”

“రాజమండ్రిలో ఎక్కడ?”

అక్కడ ఆగిపోతాడు. పెళ్లాం పైటకొంగు సర్దుకుంటూ నేల చూపులు చూస్తుంది. మీరిక ఆలస్యం చేయకండి: “మా తమ్ముడి కొడుకు దిగుతానన్నాడు బాబూ, బోర్డు తీయడం మర్చిపోయాం.” బోర్డు మాత్రం తీయకండి.

4. పని అసలే ఇవ్వకండి

రాజమండ్రి సెంట్రల్ జైల్లో వడ్రంగం, నేత నేర్పుతారు. జైళ్ల శాఖ బంకుల్లో ఖైదీలు పెట్రోలు పోస్తారు, డబ్బులు లెక్కపెట్టి చిల్లర ఇస్తారు. అక్కడ నిశ్చింతగా ట్యాంకు నింపించుకోండి. అదే మనిషి విడుదలై ఆటోనగర్‌లో మీ షెడ్డు ముందు నిలబడితే మాత్రం క్యారెక్టర్ సర్టిఫికెట్ అడగండి. ఖైదీగా ఉన్నన్నాళ్లూ గల్లాపెట్టె దగ్గర పనికొచ్చినవాడు, బయటికొచ్చాక స్పానర్ పట్టడానికి కూడా పనికిరాడు. వీధిలో సైకిలు పోయినా ముందు అతని పేరే చెప్పండి.

5. వీలైతే ఊరికి ఊరినే దొంగను చేయండి

ఒక్కొక్కణ్ణీ చెడగొట్టడం శ్రమ. తెల్లదొరలు టోకున చేసి చూపించారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం అండతో ఎరుకల కుటుంబాలను తెచ్చి, బాపట్ల పక్కన సెటిల్మెంటు కట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, స్టూవర్టు దొర పేరు పెట్టారు. అక్కడ పుట్టడమే నేరం. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో ఆ చట్టం పోయింది. పోతే పోయింది, సినిమాలున్నాయి: 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. ఆ ఊరి పిల్ల ఉద్యోగానికొస్తే అడ్రసు పైకి చదివి నవ్వండి. చట్టంతో పనే ఉండదు.

6. బెంజ్ సర్కిల్ దాటేటప్పుడు తల పక్కకి తిప్పుకోండి

అక్కడ నాస్తిక కేంద్రం ఉంది. గోరా గారు దాన్ని 1947లో ముదునూరు నుంచి పటమటకు తెచ్చారు. ఆయన కొడుకు లవణం భూదాన యాత్రలో వినోబా మాటల్ని తెలుగు చేసినవాడు. ఆ వినోబా ముందే 1960లో చంబల్ బందిపోట్లు తుపాకులు దించారు. మనవాళ్లకు అది అంటుకుంది. లవణం, కవి జాషువా కూతురైన ఆయన భార్య హేమలత 1970లలో స్టూవర్టుపురం దారి పట్టారు. ఇళ్లకు వెళ్లారు, ఆడవాళ్లతో మాట్లాడారు, పిల్లల బడి, మగవాళ్ల బతుకుతెరువు పట్టించుకున్నారు, వాళ్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడారు. దేవుణ్ణి నమ్మని ఇంట్లో దొంగను నమ్మారు! కొందరు నిజంగానే దొంగతనం మానేశారు. మన పేటలోనే ఇలాంటి చెడ్డ ఉదాహరణ ఉండటం మన దురదృష్టం. పిల్లలడిగితే అదేదో ఆఫీసు అని చెప్పండి.

ఈ ఆరూ తు.చ. తప్పకుండా పాటిస్తే ఫలితానికి గ్యారంటీ. మూడోదీ నాలుగోదీ సడలిస్తే మాత్రం మనిషి మారిపోయే ప్రమాదముంది. అప్పుడు జైలు ఎందుకు కట్టారో ఆ పని జరిగిపోతుంది. దానికి మాది పూచీ కాదు.