కాల్షియం మాహాత్మ్యము

ఆరు నెలలు నిండని పెద్దజాతి కుక్కపిల్లలను త్రాసునెక్కించి, వానిలో మిక్కిలిగా తూగినదానికి కప్పును, కప్పుతోపాటు ఒక పెట్టెడు కాల్షియం టానిక్కును బహూకరింతుమని మా కాలనీ పెద్దలు చేసిన ప్రకటన ఇప్పటికే ప్రతి ఫోనులోను ప్రవేశించినది గనుక, దానిని మరల చదివి వినిపింపవలసిన అగత్యము లేదు. మేమేమి తక్కువ తిన్నామా యని పొరుగు కాలనీవారును అట్టిదే తలపెట్టినారట. వారి కుక్కపిల్లలు నిజముగానే తక్కువ తినలేదని నేను సాక్ష్యమీయగలను. ఇంతకాలమును దొంగను చూచి మొరిగి, యజమానిని చూచి తోక యాడించి, ఏదో యొక పని చేసి బ్రదికిన శునకజాతికి తినుట, ఒరుగుట, తూగుట యను సులభ పురుషార్థత్రయము లభించినందుకు మనమందరమును ఆనందింపవలసినదే.

ఈ వేడుకకు పూర్వాచారము లేకపోలేదు. బుగ్గలుబ్బిన శిశువు బొమ్మను డబ్బాపై అచ్చువేసి, తమ బిడ్డ అట్లుండలేదే యని తల్లులు కుమిలిపోవునట్లు చేసి పాలపొడి అమ్ముకొనిన కాలమొకటి యుండెను. 1992లో వచ్చిన చట్టము ఆ డబ్బాలపై శిశువుల చిత్రమే యుండరాదని శాసించినది. మనుష్యశిశువు విషయమున ఇంత వివేకము సంపాదించినవారము, పాత మూఢత్వమును ఊరక పారవేయుటకు మనసొప్పక, దానిని కుక్కపిల్లకు ధారాదత్తము చేసినాము.

పుట్టిన దినముననే ఘటోత్కచుడు పూర్ణయౌవనుడైనాడని భారతము చెప్పుచున్నది. అది రాక్షసజాతికి దక్కిన వరము. లాబ్రడార్‌కు, రాట్‌వైలర్‌కు అట్టి వరమెవ్వరు నిచ్చి యుండకపోయినను, "హెవీ బోనండీ, పంచ్ ఫేసండీ" అని అమ్మినవాడు చెవిలో నూదిన మంత్రమును జపించుచు, కొన్నవాడు దానిని నాలుగు నెలలలో ఘటోత్కచుని చేయ బూనుచున్నాడు. గ్రేట్ డేన్ పిల్ల పుట్టినపుడు సుమారు అరకిలో తూగి, ఏడాది తిరిగి వచ్చునప్పటికి ఏబది కిలోల దరిదాపునకు పోవును; ప్రకృతియే నూరురెట్ల తొందరలో నుండగా దాని వీపుపై మనము కూడ కొరడా ఝళిపించుట ఎందులకో! నేతి అన్నము, పూటకు రెండు నాటుకోడి గుడ్లు, చిక్కని గేదెపాలు, పుట్టినరోజు కేకు, వీనిని గూర్చి వేరువేరుగా విచారింపబోను. అన్నియు కొవ్వునకే దారి తీయును.

నా ఓర్పు నశించునది కాల్షియం సీసా దగ్గర. ఈ సీసాకు పురాణము గలదు, ఫలశ్రుతియు గలదు. ఎత్తు పెరుగవలెనన్న కాల్షియము. ముందరి కాళ్ళు వంకరపోయిన కాల్షియము. జర్మన్ షెపర్డ్ పిల్లకు చెవులు నిలువకున్న కాల్షియము. చెవిలో నున్నది ఎముక కాదు, మృదులాస్థి యనియు, పాలపండ్లు ఊడి కొత్తపండ్లు వచ్చు రోజులలో చెవులు లేచుచు వ్రాలుచు నుండుట సహజమనియు చెప్పినచో, చెప్పినవానినే జాలిగా చూచెదరు. సీసాపై ముద్రించిన కుక్క నిటారుగా నిలిచి యున్నది కదా, ఇక శాస్త్రమెందులకు?

మా వీథిలోని యొక పెద్దమనిషి ఉదయమున తన కుక్కపిల్ల సింబాను లాగికొని వచ్చి, "మాస్టారూ, రోజుకు మూడు చెంచాలు పోస్తున్నామండీ. బోను గట్టిపడాలి గదండీ!" అని నాకు శుభవార్త వినిపించెను. అది తిను మేత కుక్కపిల్లలకై సకల ధాతువులతో సరిపెట్టి చేసినదే కదా, అందులో కాల్షియము లేదా యని యడిగితిని. "ఉంటుందండీ, ఎందుకుండదు! ఎక్కువైతే అదే బయటికి పోతుంది లెండి" అనెను. ఈ "లెండి" యను రెండక్షరముల ధైర్యముపైననే నగరములోని టానిక్కు వ్యాపారమంతయు నిలిచి యున్నది.

బయటికి పోదు. ఎదిగిన కుక్క ప్రేగులు తమకు కావలసినంత కాల్షియమును గ్రహించి తక్కినదానిని త్రోసివేయగలవు. సుమారు ఆరు నెలల లోపు పిల్లకు ఆ నేర్పు పూర్తిగా రాదు, పోసినదానిలో పెద్దభాగము లోపలికే పోవును. హాలండులోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమున హేజ్‌వింకెల్ యను పశువైద్యుడును ఆయన సహచరులును గ్రేట్ డేన్ పిల్లలలో కొన్నింటికి 1.1 శాతము, మరికొన్నింటికి 3.3 శాతము కాల్షియము గల మేత పెట్టి చూచి, అధికముగా తిన్నవాని ఎముకలే సరిగా రూపొందక చెడినవని 1985లో ప్రకటించిరి. ముప్పది రెండు కిలోలకు మించి ఎదుగు జాతుల పిల్లల మేతలో, తేమ తీసివేసిన లెక్కకు, కాల్షియము 1.2 శాతమునకు తగ్గరాదు, 1.8 శాతమునకు మించరాదు అని అమెరికాలో మేతల ప్రమాణములు నిర్ణయించు ఆఫ్కో సంస్థ హద్దు గీచినది. ఆ హద్దులో చేసిన మేతపై మూడు చెంచాలు పోయుట బోను గట్టిపరచుట కాదు; మృదులాస్థి ఎముకగా మారు క్రమమును చెడగొట్టుట, చాలదన్నట్లు జింకు ఒంటబట్టకుండ చేసి చర్మమును గూడ పాడుచేయుట.

ఇంట వండిన కోడిమాంసము, అన్నము మాత్రమే పెట్టువారి సంగతి వేరు. అందులో కాల్షియము నిజముగనే చాలదు, ఎముకలు పెళుసెక్కును. ఎంత కలుపవలెనో పశువైద్యుడు లెక్కగట్టి చెప్పవలెను. అయితే విచిత్రమేమనగా, సీసాలు కొనువారిలో వీరి కంటె ఖరీదైన మేత సంచులు కొనువారే యెక్కువ. సంచి అమ్మినవాడే సీసాయు నమ్మును, లెక్క మాత్రము ఎవ్వరును కట్టరు.

ఎనిమిది నెలల పిల్ల యొకటి పరుగెత్తునపుడు వెనుక కాళ్ళు రెండును కూడదీసికొని గెంతుచుండును. దానికి వెనుక సంగీతము జోడించి "కుందేలు నడక" యని రీళ్ళు తీయుచున్నారు. అయ్యా, అది కులుకు కాదు. అది చాలవరకు తుంటి కీలు వదులై నొప్పించుచున్నదనుటకు గుర్తు. తుంటి దోషము వంశమున వచ్చునది నిజమే. కాని ఆ దోషముతో పుట్టిన పిల్లపై కిలోలకు కిలోలు అదనముగా మోపి, కీలు అరిగిపోవుచుండగా నవ్వుచు కెమెరా పట్టుకొని నిలుచుండుట వంశమున రాలేదు. అది మన చేతులార చేసినది. ఇక ఆ కుక్క మెట్లెక్కలేని దినము వచ్చినపుడు, "ఫార్మ్‌హౌస్‌కు పంపించేశామండీ, అక్కడ హాయిగా ఉంది" అను మాట ఎంత సునాయాసముగా వచ్చును! అక్కడ హాయిగా లేదు. అక్కడ గొలుసు ఉన్నది, నొప్పి ఉన్నది, మీరు లేరు.

తెలియక చేసితిమందురా? 1974లోనే కార్నెల్ విశ్వవిద్యాలయమున గ్రేట్ డేన్ పిల్లలకు కొన్నిటికి తిన్నంత పెట్టి, కొన్నిటికి అందులో మూడింట రెండు వంతులే పెట్టి, తిన్నంత తిన్నవానికే ఎముకల రోగములు మెండైనవని తేల్చిరి. 2002లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకను ముచ్చటైనది: కుక్కల తిండి అమ్ముకొని బ్రదుకు ప్యూరినా కంపెనీయే నలుబది యెనిమిది లాబ్రడార్ పిల్లలను ఎనిమిది వారాల ప్రాయమునుండి జతలు జతలుగా పెంచి, జతలో ఒకదానికి రెండవదాని కంటె నాలుగవ వంతు తక్కువ పెట్టించినది. తక్కువ తిన్నవాని మధ్యగత ఆయువు పదమూడేండ్లు, తక్కినవానిది 11.2 ఏండ్లు, కీళ్ళనొప్పులకు మందు కావలసి వచ్చుటయు తక్కువ తిన్నవానికి సుమారు మూడేండ్లు ఆలస్యమైనది. తిండి అమ్మువాడే తక్కువ పెట్టుడని ఋజువు చేసిన తరువాత ఇంకెవ్వరు వచ్చి చెప్పవలెను?

చేయవలసినది కష్టమైనదియు కాదు. పిల్ల ప్రక్కటెముకలపై చేయి వేసి చూడుడు. మీ అరచేతిని నేలవైపు త్రిప్పి చాచినపుడు చేతి వెనుక ఎముకలు తగిలినట్లు తగిలినచో సరియైన ఒళ్ళు. పైనుండి చూచినపుడు నడుము కనబడవలెను. పశువైద్యులు తొమ్మిదంచెలుగా ఒళ్ళు కొలుతురు. నాలుగైదు అంచెల నడుమ నున్నది ఉత్తమము. మేతను గుప్పిటతో గాక వంటింటి త్రాసుతో తూచి, వయసునుబట్టి మూడు నాలుగు పూటలుగా పంచి, బిస్కత్తులు మొదలగు చిరుతిండ్లను దినపు ఆహారశక్తిలో పదవ వంతునకు మించనీయకుండ చూచినచో చాలును. నెమ్మదిగా పెరిగిన పిల్ల పొట్టిదిగా మిగిలిపోదు. వంశమిచ్చిన ఎత్తునకే చేరును, కాస్త ఆలస్యముగా చేరును, కీళ్ళు నిలుపుకొని చేరును. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచిన మన జోనంగి జాతి కుక్కకు ప్రక్కలు కనబడుచునే యుండెను. దానికెవ్వరును బోను గట్టిపరచలేదు.

పెట్టెలకొలది సీసాలు వ్యర్థమగునే యని చింతించువారికి ఒక ఉపాయము చెప్పెదను. నేయి, గుడ్లు, గేదెపాలు, టానిక్కు, అన్నిటిని కుక్కపిల్ల ముందునుండి తీసి, యజమానులారా, మీరే సేవింపుడు. మీ ఎముకలు పెరుగుట మాని చాలకాలమైనది. అధికమైన కాల్షియమును త్రోసివేయు నేర్పు మీ ప్రేగులకు అబ్బినది. పైగా మీకు నొప్పి పుట్టినచో, ఎక్కడ నొచ్చుచున్నదో నోరు విప్పి చెప్పగలరు.