లైసెన్సు కొంటున్నారా? ముందు అభ్యంతరాలు పోగుచేయండి

న్యూజెర్సీలో లిక్కర్ స్టోర్ కొందామనుకునే మనవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: పని చడీచప్పుడు కాకుండా కానిచ్చేయండి. లాయరు అదే అంటాడు, బ్రోకరు అదే అంటాడు, ఇదివరకే షాపు నడుపుతున్న బావగారూ అదే అంటారు. నేను చెప్పేది దానికి పూర్తిగా తలకిందులు. వ్యాపారం తెలియని మాట అని కొట్టిపారేసేవాళ్ళుంటారు. అయినా చెప్తాను.

ఆ లైసెన్సు అమ్మేవాడిది కాదు, ఊరిది. 1933లో మద్యనిషేధం పోయాక ఈ రాష్ట్రం రిటైల్ లైసెన్సులిచ్చే అధికారం ఊళ్ళ చేతికిచ్చింది. టౌన్‌షిప్ కౌన్సిలో, కొన్నిచోట్ల ప్రత్యేకమైన బోర్డో తీర్మానం చేస్తేనే లైసెన్సు ఒకరి పేరు మీంచి ఇంకొకరి పేరు మీదికి మారుతుంది. దానికో కోటా ఉంది. బార్, రెస్టారెంట్ లైసెన్సు 3,000 మంది జనాభాకి ఒకటి, సీసాలమ్మే షాపు 7,500 మందికి ఒకటి. కొత్తవి దొరకడం గగనం కాబట్టే మంచి ఊళ్ళలో పాతవాటికి లక్షల డాలర్ల ధర పలుకుతోంది. చట్టం మాత్రం దాన్ని ఆస్తి కింద లెక్కకట్టదు; తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోనివ్వదు. పేరు మార్చినందుకు ఊరు తీసుకునేది ఏడాది ఫీజులో పదో వంతు. ఏడాది ఫీజే 2,500 డాలర్లు దాటకూడదు కాబట్టి ఊరికి ముట్టేది మహా అయితే 250. రాష్ట్రానికి ఇంకో 200. ఆ కోటాకి లెక్కలోకి వచ్చింది ఊరి జనం. లక్షలు పట్టుకెళ్ళేది అమ్మినవాడు. కనీసం ఆ జనాన్ని నోరు విప్పనివ్వండి.

అందుకని ముందు లైసెన్సు నంబరు చూడండి. బదిలీ అయినప్పుడల్లా చివరి మూడంకెలు ముందుకి జరుగుతాయి. 002 కాకుండా 009 కనిపిస్తే అది చాలాసార్లు బదిలీ అయిందని అర్థం. టౌన్ క్లర్కు దగ్గరికెళ్ళి పాత ఫైలు అడగండి. ఎందుకు అమ్ముకున్నారో, ఎవరు ఏం ఫిర్యాదు చేశారో చదవండి.

తర్వాత పేపరు ప్రకటన. వారం తేడాతో రెండుసార్లు వేయాలి. అందులో కొనేవాళ్ళ పేర్లు, షాపు అడ్రసు, చివర్లో అభ్యంతరాలుంటే క్లర్కుకి రాసి పంపమనే ఒక వాక్యం ఉంటాయి. చీమల బారులాంటి అక్షరాల్లో, లీగల్ నోటీసుల పేజీలో పడుతుంది. ఎవరి కంటా పడదు. మీరు దాన్ని పెద్దగా జిరాక్సు తీయించి, ఆ చివరి వాక్యం కింద పెన్నుతో గీత గీసి, చుట్టుపక్కల ఇంటింటికీ ఇవ్వండి. తలుపు తీసినవాళ్ళని అడగండి: రాత్రిళ్ళు పార్కింగ్ లాట్‌లో ఎవరు చేరుతున్నారు? డెలివరీ ట్రక్కు తెల్లారకుండానే వచ్చి నిద్ర లేపుతోందా? పాత ఓనరు ఐడీ చూడకుండా పిల్లలకి అమ్మాడా? మొహమాటపడేవాళ్ళకి కాగితం, పెన్నూ మీరే ఇవ్వండి.

అభ్యంతరం ఒక్కటీ రాకపోతే హియరింగ్ అక్కర్లేదు. ఎజెండాలో ఒక నంబరుగా వచ్చి నిమిషంలో అయిపోతుంది. రాతపూర్వకంగా ఒక్కటొచ్చినా కౌన్సిల్ హియరింగ్ పెట్టి రాసినవాళ్ళ మాట వినాల్సిందే. లాయర్లు భయపడేది దీనికే. మీరు కోరుకోవలసిందీ ఇదే. ఆ రాత్రి ముందు వరుసలో కూర్చోండి. వాళ్ళు చెప్పేది మీరే రాసుకోండి. షాపుల్లో హార్డ్ లిక్కర్ మామూలుగా రాత్రి పది దాకా అమ్మవచ్చు. ఎదురింటి పెద్దావిడ తొమ్మిదికే మూసేయమంటే, తొమ్మిదికి మూస్తానని ఒప్పుకుని, దాన్ని లైసెన్సు మీద షరతుగా రాయమని కౌన్సిల్‌ని అడగండి. గంట బేరం పోతుంది. పోనివ్వండి.

మనవాళ్ళకి గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుంటారు, లైసెన్సు ఒకాయన పేరు మీద తీస్తారు, మిగతావాళ్ళది చేబదులు అని సర్దేస్తారు. అప్లికేషన్లో డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరికెంత వాటా ఉందో అడుగుతారు. దాచిన వాటా బయటపడితే లైసెన్సుకే ముప్పు. ముప్పు లేకపోయినా నా మాట అదే. షాపు ముందు గొడవైతే ఎవరి తలుపు తట్టాలో ఆ వీధికి తెలియాలి. పేరు పెట్టలేని మనిషి డబ్బు ముట్టుకోవద్దు. దానివల్ల బేరం చెడితే చెడనివ్వండి.

పన్ను బకాయిల్లేవని రాష్ట్రం ఇచ్చే క్లియరెన్సు సర్టిఫికెట్ సంగతి మీ అకౌంటెంట్ చూసుకుంటాడు.

లైసెన్సుని వేరే చోటికి మారుస్తుంటే, చర్చికో బడికో 200 అడుగుల లోపు ఉండకూడదన్న నిబంధన చూడాలి. మనిషి నడిచే దారిలో, గుమ్మం నుంచి గుమ్మానికి కొలుస్తారు. టేపు రెండో కొస చర్చి పెద్దల చేతికివ్వండి. 205 వచ్చినా, వాళ్ళ మొహంలో ఇష్టం లేదని తెలిస్తే ఆ చోటు వదిలేయండి.

కౌన్సిల్ కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర డైరెక్టరుకి అప్పీలు చేసుకోవచ్చు. చేయకండి. వద్దన్న ఊళ్ళో గెలిచి కూర్చునే కన్నా పక్క ఊళ్ళో వెతుక్కోండి.

అవునంటే మాత్రం, అభ్యంతరం రాసిన ప్రతివాళ్ళకీ మీ సెల్ నంబరిచ్చి రండి. ఏటా జూన్ 30తో లైసెన్సు గడువు తీరుతుంది. రెన్యువల్ కాగితాలు పెట్టేముందు మళ్ళీ వెళ్ళి, షాపు ఎలా నడుస్తోందో వాళ్ళనే అడగండి.