నేను ముసాయిదా పటాన్ని

నా ఒంటి నిండా రంగులే. పసుపు పూసిన చోట ఇళ్లు, నీలం పూసిన చోట దుకాణాలు, ఎరుపు అంటే బడులు, దవాఖానాలు, ఆఫీసులు. ఊదా అంటే ఫ్యాక్టరీలు. ఆకుపచ్చ అంటే పంట పొలాలు, పార్కులు. ఊళ్ల మీదుగా సాగే జంట గీతలు రేపటి రోడ్లు. నేను కామారెడ్డి పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా పటాన్ని.

నా అవసరం ఉత్తిది కాదు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా కేంద్రమైంది. ఇటు 44వ నంబరు జాతీయ రహదారి, అటు రైలు మార్గం, కొత్తగా వచ్చిన కలెక్టరేటు. చుట్టూ ఉన్న పల్లెలు కొన్ని మున్సిపాలిటీలో కలిశాయి. నిన్నటిదాకా మక్క పండిన చెలకలో హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్నారు. బడి పక్కన ఫ్యాక్టరీ రాకూడదన్నా, వరద పోయే దారిలో ఇల్లు లేవకూడదన్నా ముందే ఎవరో ఒకరు గీత గీయాలి. ఆ గీతల మూటనే నేను.

పుట్టింది కంప్యూటర్ తెర మీద. గీసినవాళ్లకు చెరువు కనిపించింది, కాలువ కనిపించింది, ఖాళీగా ఉన్న నేల కనిపించింది. ఆ నేలలో బోరు వేయడానికి తెచ్చిన అప్పు, అన్నదమ్ములు పంచుకున్న గట్టు, బిడ్డ పెండ్లికని దాచుకున్న అరెకరం నా కొలతల్లో పట్టవు. అవి నాలోకి రావాలంటే మనుషులే వచ్చి చెప్పాలి. అందుకే చట్టం అభ్యంతరాలకు గడువు పెట్టింది. 2022 నవంబరులో నన్ను బయట పెట్టారు. 60 రోజులు, అంటే 2023 జనవరి 11 దాకా, ఎవరైనా కాగితం రాసి ఇవ్వవచ్చన్నారు.

జనం వచ్చారు. పట్టా పాస్‌బుక్కు చేత పట్టుకుని నా ముందు నిలబడ్డారు. సర్వే నంబర్లు చీమల బారులా ఉన్నాయి. ఒకరు చదువుతుంటే మరొకరు వేలు పెట్టి వెతికేవారు.

"సారూ, మా భూమి మీద గీ ఊదా రంగేంది?"

"ఇండస్ట్రియల్ జోన్."

"అంటే గుంజుకుంటరా?"

"లేదు పెద్దాయనా. భూమి మీదే. ఇది ఇంకా డ్రాఫ్టే."

ఆ జవాబు అబద్ధం కాదు, కానీ సగమే. జోన్ మారితే భూమి చేతులు మారదు, పంట వేసుకుంటే ఎవరూ ఆపరు. కాకపోతే ఊదా రంగులో ఇల్లు కడతానంటే పర్మిషన్ దొరకడం కష్టం. ప్లాట్ల కోసం కొనేవాడు పటం చూసి వెనక్కి పోతాడు. రోడ్డు గీత పడ్డ మడినైతే అడిగేవాడే ఉండడు. పట్టా రైతు పేరునే ఉంటుంది, ధర మాత్రం నా రంగు చెప్పినట్టు వింటుంది. ఈ రెండో సగం కూడా విడమరిచి చెప్పి ఉంటే భయం ప్రశ్నగా మారేది. చెప్పనందుకు పుకారుగా మారింది.

జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామ రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. భూమి పోతుందన్న బెంగతోనే అని తోటి రైతులు అన్నారు. జనవరి 5న ఊళ్లకు ఊళ్లు కదిలి కలెక్టరేట్ ముందు బైఠాయించాయి. మరునాడు బంద్. ఆ తర్వాత హైకోర్టులో పిటిషన్. గడువు ముగిశాక, జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను వెనక్కి తీసుకుంటున్నట్టు తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ నా వంటి పటానికి ఇదే గతి పట్టింది.

రైతులు గెలిచారు, గెలవాల్సిందే. అయితే నన్ను చుట్టి పక్కన పెట్టినంత మాత్రాన పట్టణం పెరగడం ఆగదు. కొత్త ప్లాన్ లేని చోట పాత ప్లానే దిక్కు. అది పట్టించుకోని మూలల్లో ముందు ప్లాట్లు పడతాయి, ఆనక మోరీ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ నష్టం కూడా మళ్లీ సామాన్యుడికే.

కాబట్టి నా తర్వాత పుట్టబోయే పటానికి చెప్పేది ఒక్కటే. రంగు పూశాక అడిగితే జనం చేతిలో మిగిలేది కాదనడమే. పూయకముందు అడిగితే వాళ్లు దారి కూడా చూపిస్తారు. రోడ్డు ఏ బాట వెంట పోతే ఎవరి బావీ పోదో, ఫ్యాక్టరీకి ఏ రాళ్ల గుట్ట పనికొస్తుందో, ఏ కుంట వానాకాలంలో ఎందాకా నిండుతుందో ఊరివాళ్లకు తెలుసు. వార్డులో, ఊరి చావడిలో కూర్చుని, తెలుగులో, సర్వే నంబర్లు పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం పరిచి అడగాలి. ఏ రంగు వస్తే ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోరాదో పక్కనే రాయాలి. ఇచ్చిన ప్రతి అభ్యంతరానికి ఒప్పుకున్నామనో, ఫలానా కారణాన ఒప్పుకోలేదనో జవాబు రావాలి. ఇవన్నీ చేస్తే పటం తయారవడానికి ఇంకో ఏడాది పట్టవచ్చు. పట్టనీ. ఇరవై ఏళ్లు ఊరిని నడిపించాల్సిన కాగితానికి ఆ ఏడాది ఎక్కువేం కాదు.